బాల్డర్స్ గేట్ 3: గిత్‌యాంకీ గస్తీ దళం చేతిలో మా జట్టు ఎందుకు ఓడిపోతోంది?

ప్రశ్న – తిరుపతి నుంచి

మిత్రులందరికీ నమస్కారం. నేనూ మా తమ్ముడూ కలిసి బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో ఆటను టాక్టీషియన్ అనే కష్టమైన స్థాయిలో ఆడుతున్నాము. వాడు చిత్తూరులో చదువుకుంటున్నాడు. శనివారం సాయంత్రం బస్సు దిగి ఇంటికి చేరగానే తెరను రెండుగా చీల్చుకుని, చెరొక కంట్రోలర్ పట్టుకుని కూర్చుంటాము. ఫైటర్ తరగతి యోధురాలు లేజెల్, మాంత్రికుడు గేల్ నా చేతిలో ఉంటారు. వైద్య మంత్రాలు వేసే షాడోహార్ట్, నక్కి బాణం వేసే ఆస్టారియన్ వాడి చేతిలో ఉంటారు. నలుగురూ అయిదో లెవల్‌కు చేరుకున్నారు.

మొదటి అంకంలో వంతెన దగ్గర ఎదురయ్యే గిత్‌యాంకీ జాతి యోధుల గస్తీ దళాన్ని మూడు శనివారాలుగా దాటలేకపోతున్నాము. ఎర్ర డ్రాగన్ మీద వచ్చిన నాయకుడు ఎగిరి వెళ్లిపోయాక మిగిలినవారే మా నలుగురినీ రెండు మూడు రౌండ్లలో పడగొట్టేస్తున్నారు. నాలుగో లెవల్‌లో లేజెల్‌కు గ్రేట్ వెపన్ మాస్టర్ అనే ఫీట్ (గురి 5 తగ్గి దెబ్బ 10 పెరిగే ప్రత్యేక నైపుణ్యం) ఇచ్చాను, కాని సగానికి పైగా వేట్లు తప్పిపోతున్నాయి. ఆ ఫీట్ తీసుకోవడమే పొరపాటా? షాడోహార్ట్‌కు మంత్రబలానికి మూలమైన విజ్డమ్‌ను 19కి పెంచాము. ఆమె మొదటి టర్న్‌లో లేజెల్, గేల్, ఆస్టారియన్‌ల మీద బ్లెస్ (పాచికలకు అదనం కలిపే మంత్రం) వేస్తుంది, రెండో టర్న్ వచ్చేలోపే అది తెగిపోతుంది. ఒకసారైతే ఆమెకు ఒక్క దెబ్బ కూడా తగలకుండానే తెగిపోయింది. అప్పుడు గేల్ నేల మీద వేసిన గ్రీజ్ అనే జారుడు మంత్రం మీదుగా ఆమెను నడిపించడం తప్ప మేము మరేమీ చేయలేదు. గేల్ ఫైర్‌బాల్ వేస్తే మా లేజెల్ కూడా కాలిపోతోంది. లేజెల్‌కు బార్బేరియన్ అనే మరో యోధ తరగతి లెవల్స్ రెండు కలిపితే తట్టుకుంటుందని తమ్ముడు అంటున్నాడు. బిల్డ్ (పాత్రల లెవల్స్, ఫీట్ల ఎంపిక) మార్చాలో, ఆడే తీరు మార్చాలో తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి సమాధానం – చిత్తూరు నుంచి

మీ ఫీట్ పొరపాటు కాదు. దానికి కావలసిన తోడు అందడం లేదు, అంతే. పాచికలు రెట్టింపయ్యే క్రిటికల్ దెబ్బలనూ మంత్రాయుధాల బోనస్‌లనూ పక్కన పెట్టి లెక్క వేసి చూద్దాము. లేజెల్‌కు మొదటి నుంచీ బలం 17, అంటే +3. అయిదో లెవల్‌లో ప్రొఫిషెన్సీ (లెవల్‌తో పెరిగే నేర్పు) వల్ల మరో +3 వస్తుంది. ఏసీ (కవచ రక్షణ సంఖ్య) 15 ఉన్న శత్రువుకు తగలాలంటే 20 ముఖాల పాచిక మీద 9 గాని అంతకు మించి గాని పడాలి కాబట్టి అవకాశం 60 శాతం. ఫీట్‌ను ఆన్ చేసినప్పుడు 5 తగ్గుతుంది కాబట్టి 14 పడాలి. అవకాశం 35 శాతానికి పడిపోతుంది. గ్రేట్‌స్వోర్డ్ సగటు 7, బలంతో కలిపి 10, ఫీట్‌తో 20. అంటే ఫీట్ లేకుండా ఒక్కో వేటుకు సగటున 6, ఫీట్‌తో 7. ఆ ఒక్క పాయింటు కోసం, ఒక టర్న్‌లో రెండు వేట్లూ తప్పిపోయే 42 శాతం ప్రమాదాన్ని మీరు నెత్తిన పెట్టుకుంటున్నారు.

ఇప్పుడు బ్లెస్ ఉందనుకోండి. నాలుగు ముఖాల పాచిక సగటున 2.5 కలుపుతుంది. 35 శాతం 47.5 అవుతుంది, సగటు దెబ్బ 9.5కు చేరుతుంది. బ్లెస్ లేకపోయినా అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) ఉంటే 58 శాతానికి దగ్గరగా, 11.5 వస్తుంది. ఆ ఫీట్ బలమంతా ఇతరులు లేజెల్‌కు ఏమి అందిస్తున్నారన్న దాని మీదే ఆధారపడి ఉంది. లేజెల్ బిల్డ్ బాగుండాలంటే ముందు షాడోహార్ట్ బిల్డ్ బాగుపడాలని నేను అనేది ఇందుకే.

బ్లెస్ లాంటి మంత్రం వేసినవారి కాన్సంట్రేషన్ (ఏకాగ్రత) నిలిచినంతసేపే ఉంటుంది, ఒకరు ఒకసారికి అలాంటిది ఒక్కటే నిలపగలరు. షాడోహార్ట్‌కు కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) 14, అంటే +2. దెబ్బ తగిలిన ప్రతిసారీ ఆమె 10 గాని, ఆ దెబ్బలో సగం గాని, ఏది ఎక్కువైతే పాచికతో ఆ సంఖ్యను అందుకోవాలి. 21 వరకు దెబ్బకు 10 చాలు కాబట్టి ఒక్కో దెబ్బకు కాన్సంట్రేషన్ నిలిచే అవకాశం 65 శాతం. వినడానికి బాగానే ఉంటుంది, కాని వరుసగా మూడు దెబ్బలు తగిలితే అది 27 శాతమే. మీరు బ్లెస్‌ను మిగతా ముగ్గురికీ పంచి ఆమెను వదిలేశారు. బ్లెస్ ఇలా తట్టుకోవడానికి వేసే పాచికలకు (సేవింగ్ త్రోలకు) కూడా వర్తిస్తుంది కాబట్టి ముగ్గురిలో ఒకరుగా ఆమెను పెట్టండి. గేల్‌కు ఆ అవసరం తక్కువ. అతని మంత్రాలలో చాలా వాటికి పాచిక వేయవలసింది శత్రువే. ఆమె మీద కూడా బ్లెస్ ఉంటే మూడు దెబ్బలకు నిలిచే అవకాశం 47 శాతం దాకా వస్తుంది. దానికి తోడు విజ్డమ్ పెంపు తీసేసి కాన్సంట్రేషన్ పాచికకు అడ్వాంటేజ్ ఇచ్చే వార్ కాస్టర్ ఫీట్ ఇస్తే ఒక్కో దెబ్బకు దాదాపు 95 శాతం, మూడు దెబ్బలకు 85 శాతం. క్యాంపులో ఉండే విథర్స్ అనే పాత్రకు 100 బంగారు నాణేలు ఇస్తే ఈ మార్పు నిమిషాల్లో అయిపోతుంది.

దెబ్బ తగలకుండా బ్లెస్ పోవడానికి కారణం మీ గ్రీజే. ఈ ఆటలో పాత్ర కాలు జారి నేల మీద పడితే కాన్సంట్రేషన్ అక్కడికక్కడే తెగిపోతుంది, పాచిక వేసే అవకాశం కూడా ఉండదు. ఫైర్‌బాల్ బాధకు మందు గేల్‌ను ఎవొకేషన్ స్కూల్ అనే మంత్రశాఖకు మార్చడం. రెండో లెవల్‌లోనే వచ్చే స్కల్ప్ట్ స్పెల్స్ వల్ల ఆ స్కూల్ మంత్రాలు మనవారిని తాకవు.

రెండో సమాధానం – తిరుపతి నుంచి

పై మిత్రులు వేసిన లెక్కలన్నీ సరైనవే, కాని వారు దెబ్బలు తగిలిన తరువాతి సంగతి చెబుతున్నారు. నా దృష్టిలో ఈ పోరులో అసలు ప్రశ్న అంతకు ముందుది. గిత్‌యాంకీలకు మీరు ఎన్ని టర్న్‌లు ఇస్తున్నారు?

మన వైపు గుడి మండపాల బండల మీద పులిజూదం గీతలు చూసే ఉంటారు. మూడు పులులు, 15 మేకలు. ఆ ఆటలో మేక పులిని చంపలేదు. పులికి కదిలే దారి లేకుండా చేయడమొక్కటే మేకల గెలుపు. మా తాతగారు మేకల వైపు కూర్చుని ఆడుతుంటే చిన్నప్పుడు నాకు విసుగ్గా ఉండేది, ఎప్పుడూ ఏమీ జరుగుతున్నట్టు కనిపించేది కాదు. హఠాత్తుగా చూస్తే పులులు మూడూ బిగుసుకుపోయి ఉండేవి. అయిదో లెవల్‌లో ఉన్న మీ జట్టు ఈ దళం ముందు మేకల జట్టే. వారితో సమానంగా దెబ్బకు దెబ్బ తీయబోతే మీరే ముందు అయిపోతారు.

గాబ్లిన్ శిబిరంలో మీరు తలుపు దగ్గర నిలబడి గెలిచి ఉంటారు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఒక్కో కంపార్ట్‌మెంటు తలుపు తీసినట్టు శత్రువులు కొందరు కొందరుగా మీ ముందుకు వచ్చి ఉంటారు. గిత్‌యాంకీల దగ్గర ఆ ఉపాయం పనిచేయదు, ఎందుకంటే వారు దూకితే మీ ముందు వరుసను దాటి నేరుగా గేల్ పక్కన దిగుతారు. దారి కట్టలేని శత్రువును కట్టవలసింది శరీరం దగ్గరే. అందుకు మీ చేతిలో ఉన్న సాధనం శత్రువును కదలకుండా బిగించే హోల్డ్ పర్సన్ మంత్రం. గిత్‌యాంకీలు మానవాకార జీవులే కాబట్టి అది వారి మీద పనిచేస్తుంది. మూడో స్థాయి స్లాట్‌తో (మంత్రం వేస్తే ఖర్చయ్యే అవకాశంతో) వేస్తే ఇద్దరిని పట్టవచ్చు. గేల్‌కు కూడా ఇంటెలిజెన్స్ 19 చేసి ఉంటే శత్రువు అందుకోవలసిన సంఖ్య 15. ఎదుటివాడి విజ్డమ్ సేవ్ +1 అనుకుంటే ఒక్కొక్కడు చిక్కే అవకాశం 65 శాతం, ఇద్దరిలో కనీసం ఒకడు చిక్కే అవకాశం 88 శాతం.

చిక్కినవాడి మీద దాడికి అడ్వాంటేజ్ వస్తుంది, దగ్గర నుంచి తగిలిన ప్రతి వేటూ క్రిటికల్ అవుతుంది. ఇప్పుడు మీ లేజెల్ ఫీట్‌ను తలచుకోండి. 58 శాతం అవకాశం, తగిలితే సగటు 27. పైగా క్రిటికల్ పడినా, శత్రువు చచ్చినా, గ్రేట్ వెపన్ మాస్టర్ ఆ టర్న్‌లో బోనస్ యాక్షన్‌గా (టర్న్‌లో అదనంగా దొరికే చిన్న పనిగా) మరో వేటు ఇస్తుంది. మీరు తప్పు అనుకున్న ఫీట్ ఈ పోరుకు తాళం చెవి.

ఇక ఫైర్‌బాల్ మీద నాకంత మోజు లేదు. దాని సగటు 28. ఈ దళంలో ఎవరూ దానితో ఒక్కసారిగా పడిపోరు. గాయపడిన శత్రువు గాయపడని శత్రువు కొట్టినంత గట్టిగానే కొడతాడు. మూడో స్థాయి స్లాట్లు గేల్‌కు రెండే ఉన్నప్పుడు, వాటిని శత్రువు టర్న్ తీసేయడానికి వాడాలి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. గ్రీజ్ సంగతి చదివి మా తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు నేనే ఏదో నొక్కానని వాడు వారమంతా వాదించాడు. నాదొక సందేహం. హోల్డ్ పర్సన్‌కూ కాన్సంట్రేషన్ కావాలి, బ్లెస్‌కూ కావాలి. గేల్ మీదికి వారు దూకితే మళ్లీ అదే కథ అవుతుంది కదా? విజ్డమ్ తగ్గించడానికి కూడా మనసు ఒప్పడం లేదు.

చిత్తూరు మిత్రుని రెండో సమాధానం

విజ్డమ్ గురించి ముందు చెబుతాను. 19 నుంచి 17కు తగ్గితే మంత్రాల కష్టసంఖ్య ఒక్కటి తగ్గుతుంది, అంటే అయిదు శాతం. కాని బ్లెస్‌ను తప్పించుకోవడానికి శత్రువు వేసే పాచికే లేదు. షాడోహార్ట్ పని బ్లెస్ నిలబెట్టడం, మనవారికి వైద్యం చేయడం అయినప్పుడు, వైద్యంలో ఒక పాయింటు తగ్గడం తప్ప ఈ పోరులో నష్టం లేదు. స్పిరిట్ గార్డియన్స్ ఊసు నేను ఎత్తకపోవడానికి కారణం కూడా ఇదే: గొప్ప మంత్రమే గాని దానికీ కాన్సంట్రేషన్ కావాలి కాబట్టి అది వేసిన మరుక్షణం బ్లెస్ పోతుంది.

గేల్ భయం నిజమైనదే, ఆ విషయంలో రెండో సమాధానమిచ్చిన తిరుపతి మిత్రులు చెప్పింది నేను ఒప్పుకుంటున్నాను. గేల్‌ను కాపాడే మార్గం ఫీట్ కాదు, నిలబడే చోటు. మీరు ఇద్దరు ఆడుతున్నారు కాబట్టి ఒంటరిగా ఆడేవారికి సులువుగా దొరకని వెసులుబాటు ఒకటి మీకుంది: ఒకరి పాత్ర సంభాషణలో ఉన్నప్పుడు రెండోవారు స్వేచ్ఛగా తిరగవచ్చు. మీరు లేజెల్‌తో మాట్లాడుతూ ఉండండి. గేల్‌ను ముందే గుంపు నుంచి విడదీసి వెనుక ఎత్తైన చోట నిలపండి. మీ మాటలు సాగుతున్నంతసేపూ తమ్ముడు ఆస్టారియన్‌ను నక్కించి మరో ఎత్తు మీదికి చేర్చాలి. పై నుంచి వేసే బాణానికి +2, కింది నుంచి పైకి వేసేదానికి −2 కనుక ఆ ఎత్తు మీద అతను ఉన్నంతసేపూ మీకు లాభమే. నలుగురూ నాలుగు చోట్ల ఉంటే వారు దూకి చేరినా ఒకరినే చేరగలరు. గేల్ దగ్గరికి వచ్చినవాడిని రాతి అంచు నుంచి షవ్ చేయవచ్చు, అంటే తోసేయవచ్చు. ఈ ఆటలో అది బోనస్ యాక్షన్ మాత్రమే.

మరో సమాధానం – శ్రీకాళహస్తి నుంచి

రెండు చిన్న విషయాలు చేరుస్తాను. ది విస్పరింగ్ ప్రామిస్ అనే ఉంగరం మీ దగ్గర ఉంటే షాడోహార్ట్‌కు తొడగండి. ఆమె వైద్యం చేసిన ప్రతివారికీ రెండు టర్న్‌ల పాటు బ్లెస్‌తో సమానమైన బోనస్ వస్తుంది, దానికి కాన్సంట్రేషన్ అక్కరలేదు. పలువురికి ఒకేసారి వైద్యం చేసే మాస్ హీలింగ్ వర్డ్ బోనస్ యాక్షనే కాబట్టి బ్లెస్ తెగిన క్షణంలో ఇది ఆదుకుంటుంది. అలాగే అదనపు యాక్షన్ ఇచ్చే పోషన్ ఆఫ్ స్పీడ్ పానీయం దాచుకుని ఉంటే లేజెల్‌కు ఇవ్వండి. మూడు టర్న్‌లు అయ్యాక ఆమె ఒక టర్న్ కోల్పోతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. 2023 నవంబరులో వచ్చిన ఆనర్ మోడ్ అనే అతి కష్టమైన స్థాయిలో ఈ పానీయం బలం తగ్గించారు గాని మీ స్థాయిలో పూర్తి యాక్షన్ వస్తుంది, అంటే మరో రెండు వేట్లు.

బార్బేరియన్ కలపడం ఇప్పుడు వద్దు. పన్నెండు లెవల్స్‌తో ఆగే ఆట ఇది. ఫైటర్‌కు అయిదులో వచ్చే రెండో వేటును వదులుకుని మూడు ఫైటర్, రెండు బార్బేరియన్‌గా మార్చితే టర్న్‌కు ఒక్క వేటే మిగులుతుంది, నాలుగో లెవల్ ఫీట్ కూడా పోతుంది. పైగా అడ్వాంటేజ్ కోసమైతే, ఆమెకు ఫైటర్ ఉపతరగతి బ్యాటిల్ మాస్టర్ ఇచ్చే, శత్రువును నేల మీద పడేసే ట్రిప్ అటాక్ చాలు: పడిపోయిన శత్రువు మీద దగ్గర నుంచి కొడితే అది ఎలాగూ వస్తుంది.

ప్రశ్న అడిగినవారు – ఆదివారం రాత్రి

నిన్న రాత్రి గెలిచాము. షాడోహార్ట్‌కు వార్ కాస్టర్ ఇచ్చాము, గేల్‌ను ఎవొకేషన్‌కు మార్చాము. నేను లేజెల్‌తో మాట్లాడుతుండగా తమ్ముడు ఆస్టారియన్‌ను మెల్లగా ఎత్తుకు చేర్చాడు. సంభాషణను వీలైనంత సాగదీయమని నాకు సైగలు చేస్తూనే ఉన్నాడు. మొదటి హోల్డ్ పర్సన్‌కు ఒకడే చిక్కాడు. లేజెల్ మొదటి వేటు తప్పింది, రెండోది క్రిటికల్ పడింది, దానితో వచ్చిన మూడో వేటుకు వాడు కూలిపోయాడు. రెండో రౌండులో ఇద్దరు గేల్ పక్కకు దూకారు. ఒకడిని షవ్ చేశాము, రెండోవాడు గేల్‌ను పడగొట్టేశాడు. అయినా బ్లెస్ మాత్రం తెగలేదు. షాడోహార్ట్‌కు నాలుగు దెబ్బలు తగిలాయి, నాలుగుసార్లూ తమ్ముడు ఊపిరి బిగబట్టి పాచికను చూశాడు, నాలుగుసార్లూ నిలిచింది. చివరివాడిని ఆస్టారియన్ బాణం పడగొట్టేసరికి లేజెల్‌కు ఆరు హిట్ పాయింట్లు మిగిలాయి. తమ్ముడు తెల్లవారి మొదటి బస్సుకు వెళ్లవలసినవాడు మధ్యాహ్నం బస్సుకు వెళ్లాడు.