క్రాక్ కాపీ మానేశా, ఫ్రీక్యాడ్‌తో షీట్ మెటల్ పని నడుస్తదా?

ఎనుమాముల షెడ్డు:
అన్నలందరికీ నమస్కారం. ఎనుమాముల మార్కెట్ దగ్గర చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు నాది. రైస్ మిల్లులకు హాపర్లు (ధాన్యం పోసే గరాటు పెట్టెలు), చ్యూట్లు (ధాన్యం జారే గొట్టాలు), కవర్లు చేసిస్తాం. ఇన్నాళ్లూ కంప్యూటర్ బాగుచేసే అతను వేసిచ్చిన క్రాక్ కాపీలోనే డ్రాయింగులు గీశాను. పోయిన నెల సిస్టమ్‌కు వైరస్ పట్టి రెండేళ్ల ఫైళ్లు పోయాయి. ఇక దొంగ కాపీ ముట్టను. కానీ ఏటా సబ్‌స్క్రిప్షన్ కట్టాలంటే, మిల్లులు ఆగే రోజుల్లో నా వల్ల కాదు. ఉచితంగా దొరికే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు ఫ్రీక్యాడ్ గానీ లిబ్రేక్యాడ్ గానీ సరిపోతుందా? మడత విప్పిన షీటు సైజు కావాలి. ప్లాస్మా కటింగ్ అతను డీఎక్స్ఎఫ్ రకం డ్రాయింగ్ ఫైలు అడుగుతాడు, మిల్లు ఇంజనీర్లు డీడబ్ల్యూజీ రకం పంపుతారు.

కాజీపేట గ్రిల్స్:
లిబ్రేక్యాడ్ టూడీకే. గేట్లు, గ్రిల్స్ నేను అందులోనే గీస్తా, పాత ల్యాప్‌టాప్‌లోనూ తేలిగ్గా నడుస్తుంది. మడతల పనికి మాత్రం అది కాదు, ఫ్రీక్యాడ్ చూడు.

హన్మకొండ ఫిట్టర్:
తమ్ముడూ, నేను మూడేళ్లుగా ఫ్రీక్యాడ్ మీదే బతుకుతున్నా. మొదట్లో ఏడిపించింది, నిజమే. స్కెచ్‌లో ఒక కొలత మారిస్తే ముఖాల నంబర్లు మారిపోయి, ఫ్లాంజికి (మడిచిన అంచుకి) వేసిన హోల్స్ ఇంకో ముఖం మీదికి పోయేవి. 2024 నవంబర్‌లో వచ్చిన 1.0 వెర్షన్‌లో ఆ బాధ చాలావరకు తగ్గింది. అంతకంటే పాతది వేసుకోకు.

ఫ్రీక్యాడ్‌లోని యాడాన్ మేనేజర్‌లోకి పోయి షీట్‌మెటల్ వర్క్‌బెంచ్ అనే అదనపు పనిముట్ల సెట్టు దించుకో. అన్‌ఫోల్డ్ కొడితే పరిచిన షీటు వస్తుంది, దాన్నే డీఎక్స్ఎఫ్‌గా ఇవ్వొచ్చు. అయితే అది అడిగే కే ఫ్యాక్టర్‌ను (వంచినప్పుడు సాగని, కుదించుకోని పొర లోపలివైపు నుంచి మందంలో ఎన్నో వంతున ఉందో చెప్పే అంకె) ఊహించి వేయొద్దు. నేను 0.5 వేసి నాలుగు మడతల కవర్ కట్ చేయించా, బోల్టు హోల్స్ కలవలేదు. తర్వాత 2 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) షీటులో సరిగ్గా 100 మి.మీ. పట్టీ కోసి, నడుమ 90 డిగ్రీలు వంచి, రెండు కాళ్లూ బయటివైపు నుంచి వెర్నియర్‌తో కొలిచా. కలిపితే 103.6 వచ్చింది. లోపలి రేడియస్ 2 ఉంది కాబట్టి కే 0.4 అన్నమాట. 0.5 లెక్కన అయితే 103.3 రావాలి. మడతకు 0.3 తేడా, నాలుగు మడతలకు మిల్లీమీటరు దాటింది. ఇంకో మాట, కే ఫ్యాక్టర్ వేసే చోట అన్సీ, డిన్ అని రెండు లెక్క పద్ధతులు ఉంటాయి. అన్సీలో 0.4 అయితే డిన్‌లో 0.8. ఒకటి అనుకుని ఇంకోటి పెడితే షీటు పోయినట్టే.

చతురస్రం నుంచి గుండ్రానికి మారే చ్యూట్ మాత్రం ఆ అన్‌ఫోల్డ్‌కు లొంగదు. అవి ఇప్పటికీ షీటు మీద చేత్తోనే మార్కింగ్ చేస్తా.

డీడబ్ల్యూజీని ఫ్రీక్యాడ్ సొంతంగా తెరవదు. ఓడీఏ ఫైల్ కన్వర్టర్ ఉచితంగా దొరుకుతుంది, అది వేసి ప్రిఫరెన్సెస్‌లో దాని దారి చూపించాలి. అసలు ఇంజనీరుకు ఫోన్ చేసి డీఎక్స్ఎఫ్ పంపమంటే సగం తలనొప్పి పోతుంది. ఫైలు తెరవగానే తెలిసిన కొలత ఒక్కటి కొలుచుకో. అంగుళాలు, మిల్లీమీటర్లు తారుమారైతే 25.4 రెట్లు తేడా వస్తుంది.

ఎనుమాముల షెడ్డు:
చాలా థాంక్స్ అన్నా. బెండింగ్ మెషీన్ మాకు లేదు, ములుగు రోడ్డులో చేయిస్తాం. పట్టీ అక్కడే వంచాలా? మా షెడ్డులో వైస్‌కు పట్టి సుత్తితో వంచితే నడవదా?

హన్మకొండ ఫిట్టర్:
నడవదు. పని ఏ మెషీన్‌లో చేయిస్తావో పట్టీ అందులోనే వంచాలి. డై ఓపెనింగ్ (షీటును నొక్కే అచ్చు గాడి వెడల్పు) మారితే లోపలి రేడియస్ మారుతుంది. షీటు మందం, డై సైజు, వచ్చిన కొలత ఆ పట్టీ మీదే మార్కర్‌తో రాసి గోడకు తగిలించు. మా షెడ్డులో అట్లాంటివి పదకొండు ఉన్నాయి.