భార్య పార్ట్‌టైమ్ పనికి ఎల్‌ఎల్‌పీ పెట్టాలా?

మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. నా భార్య బాబు స్కూలుకి వెళ్లాక ఇంటీరియర్ డెకరేషన్ పని చేస్తోంది, ఏడాదికి 6 లక్షలదాకా రావచ్చు. తెలిసినాయన ఒకరు ఎల్‌ఎల్‌పీ (పార్ట్‌నర్ల బాధ్యత పరిమితంగా ఉండే భాగస్వామ్య సంస్థ) పెట్టండి, నువ్వూ పార్ట్‌నర్‌గా ఉండు అంటున్నారు. నాకు ఉద్యోగం ఉంది, అందుకే టెన్షన్. ఏం చేస్తే మంచిది?

జవాబు: వద్దు అన్నా. ఎల్‌ఎల్‌పీకి లాభం మీద నేరుగా 30 శాతం పన్ను, పైగా పని ఉన్నా లేకపోయినా ఏటా ప్రభుత్వానికి ఫామ్ 8 (ఖాతాల వివరాలు), ఫామ్ 11 (వార్షిక రిటర్న్) వేయాలి. వదిన పేరు మీదే ప్రొప్రైటర్‌షిప్ (ఒక్కరి సొంత వ్యాపారం) చాలు. విడిగా కరెంట్ అకౌంట్ తెరవండి, చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. సేవలకు జీఎస్‌టీ ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే, అప్పటిదాకా ఆ జోలికి వెళ్లక్కర్లేదు.

జవాబు: ఇంకోటి, ఇంటీరియర్ డెకరేషన్‌కి ప్రిజంప్టివ్ పద్ధతి (అంచనా లాభం మీద పన్ను కట్టడం) వర్తిస్తుంది. వచ్చినదాంట్లో సగం లాభంగా చూపిస్తే చాలు, ఖర్చుల లెక్కలు రాయాల్సిన పని లేదు. నేనూ మా ఆవిడ ట్యూషన్లకి అవసరం లేకుండానే కంపెనీ పెట్టించి, మూసేయడానికి ఏడాది తిరిగాను, ఆ బాధ మీకొద్దు. క్లయింట్లు టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తే వదిన పాన్ మీదే పడేలా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: మరి ఒక క్లయింట్ డబ్బు నా అకౌంట్‌లో వేస్తానంటున్నాడు?

జవాబు: ఒప్పుకోకండి. పని ఆవిడది, బిల్లూ ఆవిడదే, డబ్బూ ఆవిడ అకౌంట్‌లోకే రావాలి. పెద్ద సైట్లు తీసుకుని నష్టపరిహారం భయం మొదలైనప్పుడు ఎల్‌ఎల్‌పీ గురించి ఆలోచించవచ్చు.