సోఫీ చోటెక్ పుట్టుకతోనే కౌంటెస్ కదా, మరి అంత తక్కువగా ఎందుకు చూశారు?

గోదారిగట్టు:
మొదటి ప్రపంచ యుద్ధం గురించి స్కూల్లో ఒక్క ముక్క బట్టీ పట్టాం, 1914 జూన్ 28న సరాయెవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ని, ఆయన భార్యని కాల్చి చంపారని. ఆ భార్య పేరు మా పాఠంలో లేనే లేదు. ఈ మధ్య చదువుతుంటే తెలిసింది, ఆవిడ సోఫీ చోటెక్ అట, పద్నాలుగేళ్ళు ఆ ఇంటి కోడలిగా ఉన్నా ఊరేగింపుల్లో అందరికన్నా వెనక నడిపించారట, దర్బారులో మొగుడి పక్కన కూర్చోనివ్వలేదట. నాకు మింగుడుపడనిది ఏంటంటే ఆవిడేమీ పేదింటి పిల్ల కాదు. బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశంలో భాగం) పేరున్న వంశం, తండ్రి రాయబారి. ఇంకెంత గొప్ప పుట్టుక కావాలి వాళ్ళకి? ఇంకో డౌట్, అంత దూరం పెట్టినవాళ్ళు సరాయెవోలో మాత్రం ఇద్దరినీ ఒకే కార్లో ఎలా ఊరేగించారు?

పాతకోట:
ఆస్తి, పాతకాలపు పేరు ఇవేవీ అక్కడ లెక్కలోకి రావండి. ఆస్ట్రియాని ఏలిన హాబ్స్‌బర్గ్ ఇంటి కట్టుబాటు ప్రకారం వాళ్ళింట్లో మగవాడు చేసుకునే పిల్ల రాజ్యం ఏలుతున్న వంశంలోనో, ఒకప్పుడు ఏలిన వంశంలోనో పుట్టి ఉండాలి. చోటెక్‌లు చక్రవర్తి కొలువులో పెద్ద పదవులు చేసినవాళ్ళే కానీ ఏలినవాళ్ళు కారు. దానికి తోడు సోఫీ అప్పటికి ఆ రాజకుటుంబం ఆవిడే అయిన ఆర్చ్‌డచెస్ ఇసబెల్లా దగ్గర చెలికత్తెగా ఉంది. యువరాజు ప్రెస్‌బర్గ్‌లో (ఇప్పటి బ్రాటిస్లావా) వాళ్ళింటికి ఊరికే వచ్చిపోతుంటే ఇసబెల్లా తన కూతుళ్ళలో ఎవరినో చూసి వస్తున్నాడని మురిసిపోయేదట. ఒకరోజు టెన్నిస్ ఆడి వాచీ మర్చిపోయి వెళ్ళాడని, ఆవిడ దాని మూత తెరిచి చూస్తే లోపల సోఫీ ఫోటో ఉందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎంత నిజమో గానీ సోఫీ ఉద్యోగం మాత్రం ఊడింది.

చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఎంతకీ ఒప్పుకోలేదు, ఈయనేమో చేసుకుంటే ఆమెనే అని భీష్మించుకు కూర్చున్నాడు. చివరికి 1900 జూన్ 28న వియన్నా హోఫ్‌బర్గ్ ప్యాలెస్‌లో, రాజకుటుంబం, మంత్రుల ఎదుట ఫెర్డినాండ్ ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. ఆమె మహారాణి అవ్వదు, పుట్టే పిల్లలకి సింహాసనం రాదు. మూడు రోజులకి, జూలై 1న బొహీమియాలో రైష్‌టాట్ అనే ఊళ్ళో పెళ్ళి. చక్రవర్తి రాలేదు, సొంత తమ్ముళ్ళు రాలేదు, పెళ్ళికొడుకు తరఫున సవతి తల్లి మారియా తెరెసా, ఆవిడ ఇద్దరు కూతుళ్ళు వచ్చారంతే.

వియన్నా_తెలుగోడు:
ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. దర్బారు విందులకి రాజకుటుంబం జంటలు జంటలుగా నడిచి వస్తే ఈవిడ ఆ ఇంటి ఆడవాళ్ళలో అందరికన్నా చిన్నపిల్ల కూడా లోపలికి వెళ్ళాక రావాలి, అదీ ఒంటరిగా. కాబోయే చక్రవర్తి భార్య, మన పెళ్ళిళ్ళలో పిలవని చుట్టానికి కడబంతిలో విస్తరి వేసినట్టు! రాజకుటుంబం గుర్రపు బండి ఎక్కకూడదు, ఆపెరాలో వాళ్ళ బాక్స్‌లో కూర్చోకూడదు.

ఇవన్నీ పట్టుబట్టి నడిపించినవాడు దర్బారు పెద్ద ప్రిన్స్ మోంటెనువోవో. అసలు ఈయన చరిత్ర చూడండి. నెపోలియన్ రెండో భార్య మారీ లూయీజ్ హాబ్స్‌బర్గ్ ఆడపడుచే కదా, మొగుడు సెయింట్ హెలెనాలో బతికి ఉండగానే ఆవిడకి కౌంట్ నైపర్గ్‌తో పిల్లలు పుట్టారు. అందులో ఒకడి కొడుకు ఈ మోంటెనువోవో. అలాంటివాడు సోఫీ పుట్టుక గురించి లెక్కలు తీశాడు!

ఊళ్ళో జరిగేది ఇదైతే ఇంట్లో వేరు. ప్రాగ్ దగ్గర కోనోపిష్టె కోటలో ముగ్గురు పిల్లలతో (సోఫీ, మాక్సిమిలియన్, ఎర్నెస్ట్) హాయిగా ఉండేవాళ్ళు. 1909లో చక్రవర్తి ఆమెకి డచెస్ ఆఫ్ హోహెన్‌బర్గ్ హోదా ఇచ్చాడు, కాస్త వరస ముందుకి జరిగింది. 1913 నవంబర్‌లో ఇంగ్లండ్ రాజు ఐదో జార్జి విండ్సర్‌కి ఇద్దరినీ పిలిచి మర్యాద చేశాడు.

తాటిముంజ:
చిన్న పిడకల వేట. ఈ ఫెర్డినాండ్ 1893లో ప్రపంచ యాత్రలో భాగంగా మన హైదరాబాద్ కూడా వచ్చాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం. వేట పిచ్చి మామూలుగా ఉండేది కాదు, జీవితం మొత్తంలో చంపిన జంతువులు, పక్షులు రెండున్నర లక్షలు దాటాయని ఆయన లెక్కల పుస్తకాలే చెబుతాయి. కోపిష్టి, ఎవరితోనూ పడేది కాదు. నాకైతే ఆవిడ పడ్డ అవమానాల కన్నా ఈ మనిషిని పద్నాలుగేళ్ళు శాంతంగా ఉంచడమే పెద్ద పని అనిపిస్తుంది, దాని గురించి ఎవరూ రాయరు.

చరిత్ర_సుజాత:
గోదారిగట్టు గారూ, మీ రెండో డౌట్‌కి జవాబు. ఆయన బోస్నియా వెళ్ళింది సైన్యం ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా, విన్యాసాలు చూడ్డానికి. అది మిలిటరీ పర్యటన, వియన్నా దర్బారు మర్యాదలు అక్కడ అంతగా వర్తించవు. అందుకే ఆ రోజు అందరి ముందూ భర్త పక్కన కూర్చునే అవకాశం వచ్చింది. సరిగ్గా పద్నాలుగేళ్ళ కింద ప్రమాణం చేసిన తేదీ కూడా అదే, జూన్ 28.

పొద్దున మొదటి బాంబు హంతకుల ముఠాలో ఒకడైన కాబ్రినోవిచ్ వేశాడు, అది గురి తప్పి వెనక కారు కింద పేలింది. టౌన్ హాల్‌కి చేరాక సోఫీ పై అంతస్తులో ముస్లిం ఆడవాళ్ళని కలిసింది. కిందకి వచ్చాక, గాయపడిన అధికారిని చూడ్డానికి హాస్పిటల్‌కి వెళ్దామని ఫెర్డినాండ్ అన్నాడు. నువ్వు రావద్దంటే, ఈయన జనంలో తిరిగినంతసేపు నేను పక్కనే ఉంటానని ఆవిడ పట్టుబట్టింది. బాంబు నది వైపు నుంచి వచ్చింది కాబట్టి వాళ్ళతో కార్లో వచ్చిన అధికారి కౌంట్ హరాక్ కారుకి ఎడమ పక్క ఫుట్‌బోర్డు మీద అడ్డుగా నిలబడ్డాడు. డ్రైవర్‌కి రూట్ మారిందని ఎవరూ చెప్పలేదు, లాటిన్ బ్రిడ్జి దగ్గర పాత దారిలోకే తిప్పేశాడు, తప్పని అరిస్తే బ్రేకు వేశాడు, కారు ఆగిన చోటే ఆ ముఠాలో ఇంకొకడు, ప్రిన్సిప్ ఉన్నాడు. అదీ కుడి పక్క. ఒక తూటా కారు తలుపులోంచి దూసుకెళ్ళి సోఫీ పొట్టలో దిగింది, ఇంకోటి ఆయన మెడలో. "సోఫీ, చచ్చిపోకు, పిల్లల కోసం బతుకు" అని ఆయన అన్నట్టు హరాక్ తర్వాత చెప్పాడు.

గోదారిగట్టు:
అమ్మో. సుజాత గారూ, థ్యాంక్స్ అండి. చనిపోయాకైనా మర్యాద ఇచ్చారా? పిల్లలు ఏమయ్యారు?

వియన్నా_తెలుగోడు:
లేదు బ్రో. హోఫ్‌బర్గ్ చాపెల్‌లో రెండు శవపేటికలు పక్కపక్కనే పెట్టారు గానీ ఆమెది కాస్త చిన్నది, ఎత్తు కూడా తగ్గించి పెట్టారు. రాజుల సమాధులుండే కాపుచిన్ చర్చిలో ఆమెకి చోటు ఉండదని ఫెర్డినాండ్‌కి ముందే తెలుసు. అందుకే డాన్యూబ్ దగ్గర ఆర్ట్‌స్టెట్టెన్ కోటలో ఇద్దరికీ సమాధి గది కట్టించి పెట్టుకున్నాడు, ఇప్పుడు అక్కడే పక్కపక్కన ఉన్నారు. వియన్నా మిలిటరీ మ్యూజియంలో ఆ కారు చూశాను, తలుపుకి ఆ తూటా రంధ్రం అలాగే ఉంది. దాని పక్కనే ఆయన యూనిఫాం, డాక్టర్లు కోసిన కోతలతో సహా.

పిల్లల సంగతంటే, యుద్ధం అయ్యాక కొత్తగా ఏర్పడిన చెకోస్లొవాకియా కోనోపిష్టెని స్వాధీనం చేసుకుని వాళ్ళని వెళ్ళగొట్టింది. 1938లో నాజీలు ఆస్ట్రియాని కలుపుకున్నాక కొడుకులిద్దరినీ దహావ్ కాన్సంట్రేషన్ క్యాంపుకి పంపారు, అక్కడ మరుగుదొడ్లు కడిగించారు. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. మాక్సిమిలియన్ తర్వాత ఆర్ట్‌స్టెట్టెన్‌కి మేయర్ అయ్యాడు, ఊళ్ళోవాళ్ళే ఎన్నుకున్నారు.