ఈ వారం సమస్య: దోమకాటుచేతఁ దొలఁగె జబ్బు

నిర్వాహకుడు: ఆగస్టు 20 దోమల దినం. పైగా మా వీధి పక్క గెడ్డ పొంగి పది రోజులైంది, సాయంత్రం ఆరయితే చాలు కిటికీలన్నీ బిగించుకుని ఉక్కపోతలో కూర్చుంటున్నాం. ఆ కసితో ఇస్తున్నాను:

దోమకాటుచేతఁ దొలఁగె జబ్బు

ఆటవెలది నాలుగో పాదం. వైద్యం, సంగీతం, చరిత్ర, ఊరి సంగతులు, ఏది లాక్కొచ్చినా సరే, ఎన్ని మెలికలు తిప్పినా సరే. కానీ చెప్పిన సంగతి తప్పయితే యతి ఎంత బాగా కుదిరినా కొట్టేస్తాను, తర్వాత అలగొద్దు.

గాజువాక కుర్రాడు: సార్, ‘తొలగె’ కదా అనాలి, ‘దొలగె’ ఏంటి? టైపింగ్ తప్పా?

నిర్వాహకుడు: తప్పు కాదు బాబూ. ‘చేతన్’ చివర నకారపు పొల్లుంది, దాని వెనకాల వచ్చిన ‘త’ సరళమై ‘ద’ అయింది, ఆ పొల్లు అరసున్నగా మిగిలింది.

పెందుర్తి మాస్టారు: బోణీ నాదే.

మతినిఁ జెఱచు రుజను మాన్పఁగ వైద్యుండు
వణఁకు జరముఁ బెట్ట వలయు ననుచు
మశకములను వదలె మంచమ్ము మీఁదను
దోమకాటుచేతఁ దొలఁగె జబ్బు

కల్పన కాదండీ. సవాయి రోగం (సిఫిలిస్) ముదిరి మెదడుకెక్కితే అప్పట్లో పిచ్చాసుపత్రే గతి. వియన్నాలో వాగ్నర్ యౌరెగ్ అనే డాక్టరు 1917లో అలాంటి రోగులకి కావాలని మలేరియా ఎక్కించి, ఆ జ్వరం వేడికి అసలు రోగం తగ్గాక, క్వినైన్ ఇచ్చి మలేరియాని దింపాడు. దీనికి 1927లో నోబెల్ కూడా ఇచ్చారు.

మహారాణిపేట రిటైర్డ్ నర్సు: మాస్టారూ, పద్యం బాగుంది గానీ మీ వైద్యుడు దోమల్ని వదల్లేదు. మలేరియా రోగి రక్తం తీసి వీళ్ళకి ఎక్కించాడు. మరి దోమకాటు ఎక్కడుంది? కొందరు ఆ జ్వరానికే పోయారు కూడా. పెన్సిలిన్ వచ్చాక ఆ పద్ధతి మూలపడింది.

పెందుర్తి మాస్టారు: అమ్మా, నేను వియన్నా పేరు వివరణలో చెప్పాను గానీ పద్యంలో పెట్టలేదు, చూడండి. తర్వాత ఇంగ్లండులో ఎప్సం దగ్గరి ఆసుపత్రిలో దోమల్ని పెంచి మరీ రోగుల చేత కుట్టించుకున్నారు. నా ‘వైద్యుండు’ అక్కడివాడు!

నిర్వాహకుడు: లాయరు దగ్గర చదువుకున్నట్టున్నారు. ఒప్పుకుంటున్నాను, వివరణ మార్చండి.

గాజువాక కుర్రాడు: నాది మన వైజాగ్ పద్యం.

రాసుకొండ మీఁద రాత్రింబవళ్ళును
దొరయె దోమ కడుపుఁ దొలిచి చూచె
గుట్టు తెలిసినంత గుళిక లిచ్చిరి మాకు
దోమకాటుచేతఁ దొలఁగె జబ్బు

మలేరియా గుట్టు కనిపెట్టిన రోనాల్డ్ రాస్ పేరే కదా మన రాస్ హిల్‌కి!

నిర్వాహకుడు: గణాలూ యతులూ సరిపోయాయి, మొదటిసారికి ఇది గొప్పే. సంగతులు మాత్రం రెండూ తప్పు. రాస్ హిల్ మీద ఇల్లు కట్టిన రాస్ వేరే ఆయన. ఆ ఇల్లు 1864 నాటిది, తర్వాత చర్చి అయింది. మన రోనాల్డ్ రాస్ పుట్టింది 1857లో అల్మోరాలో, అంటే అప్పటికి ఏడేళ్ళ పిల్లాడు. ఆయన దోమ కడుపు కోసి చూసింది సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించి, కుట్టిన దోమకి అణా చొప్పున ఇచ్చాడు. ఆ దోమల్లోనే దొరికింది గుట్టు.

రెండోది గుళికలు. క్వినైన్‌ని సింకోనా చెట్టు బెరడు నుంచి విడదీసింది 1820లో, బెరడు పొడి వాడకం అంతకంటే చాలా పాతది. మందు ముందొచ్చింది, గుట్టు వెనకాల తెలిసింది. పైగా నీ పద్యంలో జబ్బు పోయింది మాత్రతో, కాటుతో కాదు. మళ్ళీ రాయి.

గాజువాక కుర్రాడు: పరువు పోయింది సార్. చిన్నప్పట్నుంచీ అలాగే అనుకుంటున్నా, ఫ్రెండ్సందరికీ చెప్పాను కూడా.

ఎంవీపీ కాలనీ పిన్ని: నేను సరదాగా రాశాను, కోప్పడకండి.

కళల గుడికిఁ బోయి కచ్చేరి వినువేళ
కునుకు పట్టె నాకుఁ గుర్చిలోన
చెవిని దూఱి పాడెఁ జిన్న తంబురగాఁడు
దోమకాటుచేతఁ దొలఁగె జబ్బు

కళల గుడి అంటే మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరున్న కళాక్షేత్రమే. కునుకే జబ్బు.

నిర్వాహకుడు: పిన్నిగారూ, ‘చిన్న తంబురగాఁడు’ దగ్గర నిజంగా నవ్వొచ్చింది. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు పాఠం చెప్పడానికి చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయిన మనిషి పేరున్న చోట నిద్రపోయారంటే దోమ కుట్టడం న్యాయమే. కుర్చీని ‘కుర్చి’ చేశారు, ఛందస్సు కోసం కాళ్ళు విరిచారన్నమాట, పోనీలెండి.

మహారాణిపేట రిటైర్డ్ నర్సు: ఒక్క మాట. రక్తం తాగేది ఆడదోమ ఒక్కటే, మగదోమలు పూలతేనెతో బతుకుతాయి. కుట్టింది కాబట్టి ‘గాఁడు’ కుదరదు.

ఎంవీపీ కాలనీ పిన్ని: అయితే ‘చిన్న తంబురపిల్ల’! గణం మారలేదు కదా?

నిర్వాహకుడు: మారలేదు, ఇంకా అందంగా ఉంది. అదే ఉంచండి.

మహారాణిపేట రిటైర్డ్ నర్సు: అందరినీ దిద్దాను కాబట్టి నాదీ పెట్టాలి.

భీమవరపు బిడ్డ వెలయించె నొకమందు
బోదకాలి పీడఁ బోవఁ జేయ
కాలువాపు వచ్చెఁ గద యెందఱికొ మున్ను
దోమకాటుచేతఁ, దొలఁగె జబ్బు

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనకి పెద్దగా ఉన్నప్పుడు, 1940లలో ఆ బృందం తెచ్చిన హెట్రజాన్ అనే మందు సంగతి ఇది. మురుగునీటిలో పెరిగే దోమ వల్ల వచ్చే జబ్బు. నా చిన్నప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకి ఇద్దరు ఉద్యోగులు టార్చిలైటుతో మా వీధికొచ్చి, నిద్రపోతున్న పిల్లల్ని లేపి, వేలు పొడిచి, గాజు పలకమీద చుక్క రాసుకునేవారు. పగలు రావచ్చు కదా అని మా అమ్మ తిట్టేది. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలు లోపలి నాళాల్లో దాక్కుని రాత్రి పైరక్తంలోకి వస్తాయని నర్సింగ్‌లో చేరాకే తెలిసింది.

నిర్వాహకుడు: కామా దగ్గర విరిచి, కాటుని రోగం వైపుకీ తొలగడాన్ని మందు వైపుకీ పంపేశారు. పాత అవధానుల పద్ధతి. కానీ మీ మీదకే మీ ఆయుధం: ఈ మందు రక్తంలోని పురుగు పిల్లల్ని చంపుతుంది గానీ, ఏళ్ళ తరబడి వాచిపోయిన కాలిని మళ్ళీ మామూలు చేస్తుందా?

మహారాణిపేట రిటైర్డ్ నర్సు: చెయ్యదు. దొరికిపోయాను. అందుకే ‘కాలువాపు తొలఁగె’ అనలేదు, ‘జబ్బు తొలఁగె’ అన్నాను, ఊరిలో జబ్బు అని సర్దుకోండి.

కంచరపాలెం శాస్త్రి: నాది తేటగీతిలో వచ్చింది, పెట్టొచ్చా?

నిర్వాహకుడు: శాస్త్రిగారూ, ప్రతివారం ఇదే.

గాజువాక కుర్రాడు: రాత్రంతా కూర్చుని మళ్ళీ రాశాను సార్. మలేరియా అన్న మాటకి ఇటాలియన్‌లో చెడ్డ గాలి అని అర్థమట, చిత్తడి నేలల గాలి పీలిస్తే జ్వరమొస్తుందని జనం నమ్మారట. నా జబ్బు ఆ నమ్మకమే.

రోగి నెత్తు రాని రొదచేయు దోమలో
గుట్టుఁ గాంచె రాసు కోరి కోరి
చెడ్డగాలి యనెడి చిరకాలపుం భ్రాంతి
దోమకాటుచేతఁ దొలఁగె జబ్బు

పెందుర్తి మాస్టారు: ‘భ్రాంతి’కీ ‘జబ్బు’కీ మధ్య ‘అనెడి’ ఒకటి తగ్గినట్టుంది.

నిర్వాహకుడు: తగ్గింది, ఐనా ఈ వారం మొదటి స్థానం దీనికే. హుసేన్ ఖాన్‌ని కుట్టిన కాటు నిజంగానే ఒక జబ్బుని వదిలించింది, మెలిక తిప్పక్కర్లేకుండా. బాబూ, రాస్ కూడా కవిత్వం రాసేవాడు, తను కనిపెట్టిన గుట్టు గురించి పద్యమే కట్టాడు, నీకు తోడు దొరికాడు. ఇప్పుడు వెళ్ళి ఆ ఫ్రెండ్సందరికీ రాస్ హిల్ సంగతి సరిచేసి రా.