యాసంగికి ముందు ఊరి నీటి లెక్క ఎలా వేయాలి?

మాది దేవరకొండ వైపు, కాలువ నీరు అందని ఊరు. చెరువు నిండకపోతే బోర్లే దిక్కు. మోటారు వేయగానే పైపు నిండా వచ్చే నీరు అరగంటకే ఆగి ఆగి పోస్తోంది. పక్క చేనులో కొత్త బోరు పడితే పాతది ఎండిపోతోంది. అడుగున ఉన్నది నల్లరాయి. పగుళ్లలో ఉన్నంతే నీరు, ఎంత లోతుకు దింపినా పెరగదు.

నేను వేసిన మోటు లెక్క ఇది. ఏడాదికి వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో పదో వంతు భూమిలోకి ఇంకినా 70. యాసంగి వరికి దాదాపు 1200 కావాలి. అంటే ఎకరం వరికి 17 ఎకరాల మీద ఇంకిన వాన! ఊళ్లో చెబితే నవ్వారు. అయితే మడిలో పెట్టిన నీటిలో కొంత తిరిగి కిందికి దిగుతుంది కదా, దాన్ని ఎంతని పట్టుకోవాలి? నీటి మట్టం బాగా లోతుకు పోయిన చోట ఆ వాటా తగ్గుతుందా?

2000 తర్వాత కొన్నేళ్లు ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఒక పథకం కింద రైతులే బావుల నీటి మట్టం కొలిచి, ఉన్న నీటికి తగ్గట్టు పంటలు ఎంచుకున్నారు. అందులో పాల్గొన్నవారు ఎవరైనా ఉన్నారా? పథకం ముగిశాక కొలతలు కొనసాగాయా? వరి తగ్గించడానికి జనాన్ని ఎలా ఒప్పించారు? 2018 నుంచి కరెంటు 24 గంటలూ ఉచితం, మోటారు ఆపమంటే వినేవారు లేరు. బత్తాయి తోటలున్నవారి బాధ వేరు: వరి ఒక పంట మానేయవచ్చు, చెట్టును ఎండబెట్టలేరు. వారి వాటా ముందే తీసిపెట్టాలా?