ఉబుంటులో పెన్‌డ్రైవ్ కనిపిస్తుంది కానీ ఇంక్‌స్కేప్‌లో ఓపెన్ అవ్వట్లేదు, హెల్ప్ చేయండి

గుంటూరు_డీటీపీ:
అందరికీ నమస్తే అండి. బ్రోడీపేటలో మాది చిన్న డీటీపీ షాపు, మూడు సిస్టమ్స్ ఉన్నాయి, మూడింట్లో పోయిన నెల ఉబుంటు 24.04 (విండోస్ బదులు వాడే లైనక్స్) వేశాను. యాప్ సెంటర్‌లో ఇంక్‌స్కేప్ (డిజైన్ సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేశాను, అది స్నాప్ (ఉబుంటు వాళ్ళ సొంత యాప్ ప్యాకేజీ పద్ధతి) అని తర్వాత తెలిసింది. ఇప్పుడు కస్టమర్ శుభలేఖ మ్యాటర్ పెన్‌డ్రైవ్‌లో తెస్తే ఫైల్స్‌లో చక్కగా కనిపిస్తుంది, ఇంక్‌స్కేప్‌లోంచి ఓపెన్ చేయబోతే పర్మిషన్ డినైడ్ అంటుంది. డెస్క్‌టాప్ మీదకి కాపీ చేస్తే ఓకే. ముహూర్తాల సీజన్, మనుషులు ఎదురుగా నిలబడి ఉంటారు, ప్రతిసారీ కాపీ అంటే కష్టంగా ఉందండి. స్నాప్ మొత్తం పీకేసి ఫ్లాట్‌ప్యాక్ (యాప్స్ వేసుకునే ఇంకో పద్ధతి) పెట్టుకోమని ఒకతను చెప్పాడు, చేయమంటారా?

బెజవాడ_పెంగ్విన్:
ఆగండాగండి, ఏదీ పీకకండి. మీ పెన్‌డ్రైవ్‌కి ఏం కాలేదు. స్నాప్ యాప్ ఒక గదిలో ఉన్నట్టు, దానికి మీ హోమ్ ఫోల్డర్ చూపిస్తారు (అందులో కూడా చుక్కతో మొదలయ్యే హిడెన్ ఫోల్డర్లు చూపించరు), పెన్‌డ్రైవ్ మౌంట్ అయ్యేదేమో మీడియా ఫోల్డర్ కింద, దానికి వేరే పర్మిషన్ ఉంటుంది, రిమూవబుల్ మీడియా అని. చాలా యాప్స్‌కి అది మనమే ఆన్ చేయాలి. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్ళి ఇంక్‌స్కేప్ నొక్కితే రిమూవబుల్ స్టోరేజ్ అని స్విచ్ కనిపిస్తుంది, ఆన్ చేసి యాప్ మూసి తెరవండి. సుడోతో (అంటే అడ్మిన్ అధికారంతో) ఇంక్‌స్కేప్ నడపమని ఎవరైనా చెప్తే మాత్రం దయచేసి వినకండి, రోజూ పదిమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టే మెషీన్ అది.

అమరావతి_రోడ్:
నేను ఫ్లాట్‌ప్యాకే వాడతాను, కానీ మారితే ప్రాబ్లం పోతుంది అనుకోవద్దండి, అక్కడా ఇదే కథ, పర్మిషన్ల పేర్లే వేరు. అక్కడ పోర్టల్ అని ఉంటుంది, మీరు ఫైల్ సెలెక్ట్ చేసే విండో యాప్‌ది కాదు సిస్టమ్‌ది, మీరు ఏ ఫైల్ ఎంచుకుంటే అదొక్కటే యాప్‌కి అందుతుంది. ఇది నాకు చాలా నచ్చిన పద్ధతి, కాకపోతే డిజైన్ పనిలో ఒక చిక్కుంది, ఫైల్‌లో లింక్ చేసిన ఫొటో పక్కనే ఉన్నా యాప్‌కి కనపడదు, ఎందుకంటే మీరు ఎంచుకుంది డిజైన్ ఫైల్ ఒక్కటే కదా. అలాంటి యాప్‌కి ఫ్లాట్‌సీల్‌లో (ఫ్లాట్‌ప్యాక్ పర్మిషన్లు మార్చే యాప్) మీడియా ఫోల్డర్ యాడ్ చేసి చివర కోలన్ ఆర్‌ఓ (:ro) అని పెడితే ఆ పర్మిషన్‌తో చదవడం వరకే వీలవుతుంది. పీడీఎఫ్ హోమ్‌లో సేవ్ చేసి తర్వాత కాపీ చేసివ్వండి. రామభద్ర, మండలి లాంటి తెలుగు ఫాంట్లు సిస్టమ్‌లో ఉంటే ఫ్లాట్‌ప్యాక్ యాప్స్‌కీ కనిపిస్తాయి, మళ్ళీ వేయక్కర్లేదు.

ఇంకోటి, ఫ్లాట్‌ప్యాక్‌లో మొదటి యాప్‌కి రన్‌టైమ్ (యాప్స్ నడవడానికి కావాల్సిన ఉమ్మడి ఫైల్స్) కూడా దిగుతుంది, వందల ఎంబీలు, అది చూసి భయపడతారు అందరూ. అదే రన్‌టైమ్ మీద నడిచే తర్వాతి యాప్స్‌కి మళ్ళీ దిగదు. మీకు మూడు సిస్టమ్స్ కాబట్టి ఒకదాంట్లో దింపి, ఫ్లాట్‌హబ్ రిమోట్‌కి (ఫ్లాట్‌ప్యాక్ యాప్స్ దిగే ఆన్‌లైన్ చోటు) కలెక్షన్ ఐడీ (దాన్ని గుర్తుపట్టే పేరు) సెట్ చేసుకుని (మూడింట్లోనూ), క్రియేట్ యూఎస్‌బీ కమాండ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మిగతా రెండింట్లో నెట్ ఖర్చు లేకుండా వేసుకోవచ్చు.

బెజవాడ_పెంగ్విన్:
మారాలనుకుంటే ఒక్క జాగ్రత్త, హోమ్‌లో స్నాప్ అనే ఫోల్డర్‌లో మీ ఫైల్స్ ఏమైనా సేవ్ అయ్యాయేమో ముందు చూడండి. స్నాప్ తీసేసేటప్పుడు అదే స్నాప్‌షాట్ (ఆ యాప్ డేటా కాపీ) తీసి 31 రోజులు ఉంచుతుంది కానీ దాని మీద ఆధారపడొద్దు.

గుంటూరు_డీటీపీ:
అన్నా స్విచ్ ఆన్ చేశాను, వెంటనే వచ్చేసింది, మూడింట్లోనూ చేశాను. స్నాప్ అలాగే ఉంచేస్తున్నా. కొత్తగా స్క్రైబస్ (పేజీలు సెట్ చేసే సాఫ్ట్‌వేర్) కావాలి, అది అమరావతి రోడ్ గారు చెప్పినట్టు ఫ్లాట్‌ప్యాక్‌లో ఒక మెషీన్‌లో దింపుతున్నా, కలెక్షన్ ఐడీ దగ్గర ఆగిపోతే రాత్రి షాపు కట్టేశాక మళ్ళీ ఇక్కడే అడుగుతాను.