ఆఫీసులో రాజకీయ పార్టీకి చందా అడుగుతున్నారు, ఇవ్వాలా?

మారతహళ్ళి (కొత్త సభ్యుడు):
అందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి బెంగళూరు వచ్చి ఈమధ్యే ఉద్యోగంలో చేరాను. మా మేనేజర్ టీమంతా తలా యాభై వేలు ఒక చిన్న పార్టీకి చందా ఇవ్వమంటున్నారు. ట్యాక్స్ మిగులుతుందట. పార్టీ తరఫు ఏజెంటు కమీషన్ పట్టుకుని మిగతాది నగదుగా తిరిగిచ్చేస్తాడట. ఇంటి అడ్వాన్సు కట్టాక నా చేతిలో ఏమీ లేదు. ఇవ్వకపోతే ప్రొబేషన్ మీద దెబ్బ పడుతుందేమోనని భయంగా ఉంది.

వైట్‌ఫీల్డ్:
ఇవ్వకు తమ్ముడూ. మా పాత కంపెనీలో అచ్చం ఇదే జరిగింది. టీమ్ లీడే ఏజెంటుని క్యాంటీన్‌కి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. బ్యాంకులో వేసినవాళ్ళకి రసీదు వచ్చింది, కవర్లో నగదూ వచ్చింది. నేను ఇవ్వనన్నానని నన్ను లంచ్‌కి పిలవడం కూడా మానేశారు. తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి ఒక్కొక్కరికీ నోటీసులు వచ్చాయి. ఏజెంటు ఫోన్ స్విచ్ఛాఫ్. టీమ్ లీడ్ ఏమో, నేను పరిచయం చేశానంతే అన్నాడు. పాపం, పెళ్ళికి దాచుకున్న డబ్బుతో పన్ను, వడ్డీ కట్టిన అమ్మాయి కూడా ఉంది. తప్పుడు క్లెయిమ్ అని తేలితే పన్నుకు రెండింతలు, అంటే 200 శాతం పెనాల్టీ వేయొచ్చు. రిటర్న్‌లో సంతకం నీది, మేనేజర్‌ది కాదు.

కోరమంగళ:
అసలు నువ్వు ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఏ రెజీమ్‌లో (పన్ను విధానంలో) ఉన్నావు, పాతదా కొత్తదా? కొత్త రెజీమ్‌లో పార్టీ చందాకి మినహాయింపే లేదు. ఏమీ ఎంచుకోకపోతే కొత్తదే వర్తిస్తుంది. పాతదాంట్లో అయినా బ్యాంకు ద్వారా ఇస్తేనే. నగదుకి లేదు, నిలబడ్డ అభ్యర్థి చేతికిస్తే లేదు.

హెబ్బాళ్:
అడ్వాన్సు ఎంత కట్టావు బాబూ? పది నెలల అద్దె అడిగితే ఒప్పుకోవద్దు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె కోస్తారు, అగ్రిమెంటులో ముందే చూసుకో.
చందా సంగతికొస్తే, ఇరవై వేల లోపు ఇస్తే పేరు బయటికి రాదు. అంత ఇచ్చి ఊరుకో.

కోరమంగళ:
పార్టీ ఎన్నికల సంఘానికిచ్చే జాబితాలో రాదు, అంతవరకే నిజం సార్. క్లెయిమ్ చేస్తే రిటర్న్‌లో తేదీ, మొత్తం, బ్యాంకు వివరాలు రాయాలి. పేరు చెప్పకుండా పార్టీలకి చందా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లనే సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది, వాటిని కొన్నవాళ్ళ పేర్లు ఆ మార్చిలో ఎన్నికల సంఘం సైట్‌లోకి వచ్చాయి. ఏ ధైర్యంతో ఆ పిల్లాణ్ణి ఇరవై వేలు ఇమ్మంటున్నారు?

హెబ్బాళ్:
నచ్చిన పార్టీకి మనస్ఫూర్తిగా ఇవ్వడం తప్పా? నేను ఏటా ఇస్తాను, ఒక్క పైసా వెనక్కి తీసుకోను.

వైట్‌ఫీల్డ్:
మీరిచ్చేది చందా, అన్నా. వెనక్కి వచ్చేది చందా కాదు. కంపెనీకే ఇవ్వాలని ఉంటే కంపెనీల చట్టం సెక్షన్ 182 ఉంది. మూడేళ్ళు నిండిన కంపెనీ బోర్డు తీర్మానం చేసి, లెక్కల్లో చూపించి ఇవ్వొచ్చు. జీతగాళ్ళ పేర్లు ఎందుకు వాడాలి?
తమ్ముడూ, పాత రెజీమ్‌లో లేను, నాకు పనికిరాదు అని మెత్తగా చెప్పు. మళ్ళీ అడిగితే మెయిల్‌లో పెట్టమను, హెచ్‌ఆర్‌కి కాపీ వేయమను. మీ టీమ్‌లో ఎవరైనా ఇప్పటికే క్లెయిమ్ చేసేసి ఉంటే, నోటీసు వచ్చేదాకా ఆగకుండా ఆ ఏజెంటుతో సంబంధం లేని సీఏ దగ్గరికెళ్ళి అప్‌డేటెడ్ రిటర్న్ వేసుకోమని చెప్పు.